గోరింట కంచెకు మరణ ధ్రువీకరణ

ప్రభుత్వం లెక్కలో మొక్కకు రెండే దశలు. ఒకటి బతికి ఉండటం, రెండు చచ్చి ఉండటం. మధ్యలో చస్తూ ఉండటం అనే దశ ఒకటి ఉందని మొక్కలు అనుకుంటాయి గానీ, దానికి ఇంతవరకూ ఏ కార్యాలయమూ అనుమతి ఇవ్వలేదు.

ఈ సంగతి విజయవాడ గవర్నర్‌పేటలో కాలవల వెడల్పుల కార్యాలయం ముందున్న గోరింట కంచెకు తెలియదు. తెలియక ఒక వేసవిలో అనుమతి లేకుండానే ఎండిపోవడం మొదలుపెట్టింది.

ముందు ఆ కార్యాలయం గురించి చెప్పాలి. కృష్ణ నుంచి బయల్దేరిన కాలవలు ఎంత వెడల్పున ఉన్నాయో ఏటా కొలిచి హైదరాబాదుకు రాయడం వాళ్ళ పని. లోతు ఇంకో ఆఫీసుది. (అందులో అసలు నీళ్ళున్నాయా లేవా అన్నది రైతుల సొంత విషయం.) వెడల్పు మారిందని వాళ్ళు ఏ సంవత్సరమూ రాయలేదు. మారలేదు గనక వచ్చే ఏడు కూడా కొలవాల్సిన అవసరం కనపడుతోందని మాత్రం తప్పకుండా రాస్తారు. దాంతో ఆ ఆఫీసు స్థిరంగా ఉంది.

దానికి ప్రహరీ లేదు. బిల్డింగు కట్టిన రోజుల్లో ఎవరో పుణ్యాత్ముడు వేసిన గోరింట కంచే ప్రహరీ. మనిషి భుజం ఎత్తుంటుంది. దాని కింద గోనెపట్టా పరుచుకుని సాలేహా కూర్చుంటుంది. పొద్దున్నే వన్‌టౌన్ నుంచి వచ్చి, కంచెనున్న ఆకు దూసుకుని, అక్కడే కుప్ప పోసి అమ్ముకుంటుంది. ఆషాఢంలో మా ఆడవాళ్ళు, రంజానుకు వాళ్ళ ఆడవాళ్ళు, పెళ్ళిళ్ళ రోజుల్లో అందరూ ఆ గోనెపట్టా దగ్గరికే వస్తారు. పూర్వం తోటమాలి పోస్టు ఎత్తేసినప్పుడు, కంచె కత్తిరించే దిక్కులేక, అప్పటి ఆఫీసరుగారు ఆమెను పిలిచి, ఆకు నువ్వు దూసుకో, కంచె మాత్రం పెరిగిపోకుండా చూసుకో అని నోటిమాటగా చెప్పి బదిలీ మీద వెళ్ళిపోయారు. ఆ నోటిమాట మీద కంచె ఏళ్ళ తరబడి చక్కగా ఉంది. కాగితం మీద నడిచే ఆఫీసు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సాలేహా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ కంచె పచ్చగా ఉండాలి. ఈ సంబంధం ఆఫీసులో ఎక్కడా నమోదు కాలేదు.

ఆ ఏడు ఆఫీసుకు జనరేటర్ వచ్చింది. కరెంటు పోయినప్పుడు కాలవల వెడల్పు ఆగిపోకూడదు గదా. దాని పొగగొట్టం సరిగ్గా కంచె వైపు పెట్టారు, పొగ రోడ్డు మీదికి పోయి జనానికి ఇబ్బంది కలగకూడదని. అదే నెలలో నీటి పొదుపు వారోత్సవాలు జరిపి కంచె మొదట్లో ఉన్న పంపు పీకేశారు. వారోత్సవాలు వారంలో అయిపోయాయి. పంపు మళ్ళీ రాలేదు. కంచె ఒక పక్కనుంచి ఎర్రబడి, పుల్లలు తేలి, రాలిపోవడం మొదలుపెట్టింది.

సాలేహా వెళ్ళి సూపరింటెండెంట్ బసవయ్య గారిని అడిగింది. లోపలి పంపు నుంచి రెండు బకెట్లు పట్టుకుని తనే పోసుకుంటానంది. బసవయ్య గారు మంచి మనిషి. సర్వీసులో ఎవరికీ కాదని చెప్పి ఎరగరు. అవునని కూడా చెప్పి ఎరగరు.

"చూడమ్మా, బతికున్న మొక్కలకి నీళ్ళిస్తాం. చచ్చిపోతే ఆ చోట కొత్తవి వేస్తాం. రెంటికీ రూల్స్ ఉన్నాయి. మీ కంచే ఏదో ఒకటి తేల్చుకోవట్లేదు" అన్నారట.

"సగం పచ్చగానే ఉంది గదండీ."

"ఆ సగంతోనే వచ్చింది ఇబ్బంది."

ఆమె బయటికొచ్చి, ఎదురుగా ఉన్న నా సైకిలు షాపులో పంక్చర్లు చూసే తొట్టె నీళ్ళు తీసుకెళ్ళి పోసింది. అటెండరు వెంకటప్పయ్య వచ్చి ఆపాడు. అతని తప్పు లేదు. బయటి నీళ్ళు ఆఫీసు ఆవరణలోకి తేవాలంటే గేటు పాసు కావాలట. (గేటు లేదు. కంచె ఎండిపోయిన సందులోంచే అందరూ లోపలికి వెళ్తున్నారు.)

విషయం పెద్దదవుతోందని బసవయ్య గారు ఒక కమిటీ వేశారు. పేరు సజీవతా నిర్ధారణ కమిటీ. సభ్యులు ఇద్దరు, ఆయన, వెంకటప్పయ్య. టైపిస్టు తెరేసమ్మ గారిని కూడా వెయ్యబోయారు గానీ, కమిటీ ఏం చెప్పిందో టైపు కొట్టడానికి ఎవరో ఒకరు బయట ఉండాలని ఆపేశారు.

కంచె బతికుందో లేదో ఎలా తెలుసుకోవాలన్న దాని మీద కమిటీ చాలాసేపు ఆలోచించింది. కొమ్మ మీద గోరుతో గీకి చూద్దామన్నాడు వెంకటప్పయ్య. ప్రభుత్వ ఆస్తిని గీకరాదన్నారు బసవయ్య గారు. ఒక పుల్ల విరిచి చూద్దామంటే, గీకరానిది విరవడం ఎట్లా కుదురుతుందన్నారు. చివరికి ఫ్యాన్లకూ టైపు మిషన్లకూ వర్తించే ఒక రూలు ఆయనకు గుర్తొచ్చింది. ఏ వస్తువైనా తను చెయ్యాల్సిన పని చేస్తుంటే అది పనిచేస్తున్నట్టు, చెయ్యకపోతే లేనట్టు. గోరింట చెయ్యాల్సిన పని పండటం. కాబట్టి కమిటీ సభ్యుల అరచేతులకు పెట్టి చూడాలి. పండితే బతికుంది. పండకపోతే లేదు.

ఇంత న్యాయమైన రూలు నేను వినలేదు.

సాలేహా ఎంతో ఆశతో పచ్చగా ఉన్న వైపు ఆకు దూసి, ఓ వక్క ముక్క వేసి, మెత్తగా నూరి తెచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సభ్యులిద్దరికీ రెండేసి చేతుల నిండా, వేళ్ళకు టోపీలతో సహా పెట్టింది. సభ్యులు చేతులు బల్ల మీద చాపుకుని కూర్చున్నారు. ఫోను మోగింది. ఎత్తేవాళ్ళు లేరు. గుడివాడ వైపు నుంచి ఒక రైతు, కాలవగట్టు మీద తన పొలం హద్దు సంగతి అడగడానికి ఎన్నోసారో వచ్చాడు. ఆయనకు ఆ నాలుగు చేతులూ చూపించారు. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ తన పని ఎందుకు కావట్లేదో కళ్ళారా చూశాడు పాపం. తెరేసమ్మ గారు సాసర్‌లో టీ పోసి ఇద్దరికీ చంటిపిల్లలకు పట్టినట్టు నోటికందించారు.

అంతా బాగానే జరిగేది. కానీ కమిటీ పూర్తి హాజరుతో సమావేశమైందని బసవయ్య గారు సంతకం పెట్టాలి. అది ఆఫీసు వేళల్లోనే పెట్టాలి. అందుకని ఆయన పెట్టించుకున్న కాసేపటికే చేతులు కడిగేసుకుని సంతకం పెట్టారు. వెంకటప్పయ్యకు సంతకం పెట్టే హోదా లేదు గనక చీకటిపడేదాకా అలాగే కూర్చున్నాడు.

తెల్లారి చూస్తే బసవయ్య గారి చెయ్యి నిమ్మపండు తొక్క రంగులో ఉంది. వెంకటప్పయ్యది దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది. గోరింట ఎర్రగా పండిన చేతికి మంచి జోడీ అని ఆడవాళ్ళ నమ్మకం. మధ్యాహ్నానికల్లా గవర్నర్‌పేటలో ఏ షాపులో చూసినా వెంకటప్పయ్యకు పెళ్ళాం మీద ఉన్న ప్రేమ గురించే మాట. బసవయ్య గారి చెయ్యి గురించి ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది. ఆయన భార్య పద్మావతమ్మ గారు కూరల మార్కెట్లో ఈ కబురు విన్నారు. ఇంటికెళ్ళి ఆయన చెయ్యి తిప్పి చూశారట. "పోనీలెండి. ఆఫీసులో ఉండి ఉండి ఏదీ పండకపోవడం అలవాటైపోయింది" అని, చెయ్యి వదిలేసి వంటింట్లోకి వెళ్ళారట.

ఇలాంటి పరిస్థితిలో ఏ సూపరింటెండెంట్ అయినా ఏం చేస్తారో బసవయ్య గారు కూడా అదే చేశారు. రెండు అరచేతుల మధ్య అభిప్రాయ భేదం వచ్చినప్పుడు పై అధికారి అరచెయ్యే చెల్లుతుందని తేల్చారు. కంచె చచ్చిపోయినట్టు ధ్రువీకరించారు. కింది ఉద్యోగి అయి ఉండి, పై అధికారికి తెలియజేయకుండా చెయ్యి అంత ఎర్రగా ఎలా పండిందో సంజాయిషీ ఇమ్మని వెంకటప్పయ్యకు మెమో ఇచ్చారు. అతను ఆ మెమో ఎర్రచేత్తోనే తీసుకున్నాడు.

సాలేహా నా షాపు ముందుకొచ్చి కూర్చుంది.

"బాబాయ్, వెంకటప్పయ్య చెయ్యి చూశావా?"

చూశానన్నాను.

"మా పెళ్ళిలో మా ఆయనకి కూడా అంత పండలేదు. అది చచ్చిన ఆకట."



"కంచె తీసేస్తే నేనేం అమ్ముకోవాలి బాబాయ్, జనరేటరు పొగా?" అంది.

కంచె తొలగించే పని కాంట్రాక్టరు చక్రికి వచ్చింది. కుర్రాడు చురుకైనవాడు, ఉత్తర్వులో ఏముందో అది చేస్తాడు. లేనిది చచ్చినా చెయ్యడు. ఉత్తర్వులో కంటికి కనపడు కంచెను తొలగించవలెను అని ఉందని తెరేసమ్మ గారు చెప్పారు. వేళ్ళు కంటికి కనపడవు. పైగా నేల కింద ఉన్నవన్నీ పైపుల సెక్షను వాళ్ళవి, వాటి మీద ఈ ఆఫీసు చెయ్యి వెయ్యకూడదు. అందుకని చక్రి మనుషులు మోకాలి ఎత్తుకు నరికి ఆపేశారు. అంతకన్నా కిందికి ఎందుకు పోలేదయ్యా అంటే, వంగి తొలగించమని ఎక్కడుంది, చూపించండి అన్నాడు. ఎవరూ చూపించలేకపోయారు.

ఆ రోజు సాలేహా గోనెపట్టా మడిచి ఒళ్ళో పెట్టుకుని, నరికిన మోళ్ళ ఎదురుగా ఎండలో కూర్చుంది. టీ తెప్పించాను. చల్లారిపోయింది.

ఆషాఢం వచ్చింది. ఆడవాళ్ళు వచ్చి, అయ్యో ఆకు లేదా సాలేహా అని, ఏలూరు రోడ్డు వైపు పోయారు. ఆమె కుంపటి తెచ్చి మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మబోయింది. పొగ ఆఫీసులోకి వస్తోందని లేపేశారు. (జనరేటరును లేపలేదు. దాని పొగకు అనుమతి ఉంది.)

ఈలోగా కొత్త కంచె వచ్చింది. కడియం నర్సరీల నుంచి లారీలో దిగింది. డురంటా అని పసుపు ఆకుల మొక్క, ఆఫీసుల ముందు ఎక్కువగా వేస్తారు. పెద్ద ఫంక్షన్ చేశారు. మైకు పెట్టారు. చెట్లు లేకపోతే మనిషి లేడని ఒకాయన ఎండలో నిలబడి చాలాసేపు చెప్పారు. నీడలో కూర్చుని చెబుదామంటే ఉన్న కంచె కొట్టేశారు గదా. ఫొటో తీసేదాకా మొక్కలు పట్టుకున్నారు. ఆ తర్వాత చక్రి మనుషులు మోళ్ళ మధ్యన గుంటలు తీసి, నల్ల ప్లాస్టిక్ కవర్లతో సహా మొక్కలు పాతారు. కవరు చించమని ఉత్తర్వులో లేదు.

రెండు వారాలకు అవన్నీ ఎండిపోయాయి. కానీ డురంటా ఆకు పుట్టుకతోనే పసుపు. కాబట్టి అవి ఎండిపోయిన సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఆఫీసులకు ఆ మొక్కను ఎంపిక చేసిన మహానుభావుడు ఎవరో గాని తెలివైనవాడు.

తర్వాత వానలు పడ్డాయి. వానకు గేటు పాసు అడిగే రూలు ఇంకా రాలేదు.

ఒకరోజు పొద్దున్నే సాలేహా రోడ్డు దాటి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆమె పరిగెత్తడం అదే మొదటిసారి చూడటం.

"బాబాయ్, చిగురు."

వెళ్ళి చూశాను. ప్రతి మోడుకీ గుత్తులు గుత్తులుగా లేత ఎరుపు చిగుళ్ళు. అంత కిందికి నరికితే గోరింట మళ్ళీ గుబురుగా లేస్తుందని చక్రికి తెలియదు, బసవయ్య గారికి తెలియదు, నిజం చెప్పాలంటే సాలేహాకీ నాకూ కూడా తెలియదు. గోరింటకు తెలుసు కాబోలు.

అక్కడినుంచి ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది. ఆ కంచె చచ్చినట్టు కాగితం ఉంది. చచ్చినది పెరుగుతోందని ఆఫీసులో కనిపెడితే ఈసారి వేళ్ళతో సహా పెకలిస్తారు. చక్రికి వంగమని రాసిస్తారు. అందుకని ఆమె ఆకు ముట్టుకోలేదు. అటు పక్కకు కూడా చూడకుండా, తనకేం సంబంధం లేనట్టు కూర్చునేది. కంచె మాత్రం ఆగలేదు. దసరాకల్లా నడుం ఎత్తు వచ్చింది. ఎండిన డురంటాలన్నీ అందులో కలిసి కనపడకుండా పోయాయి.

వెంకటప్పయ్య చూసి బసవయ్య గారికి చెప్పాడు. బసవయ్య గారు బయటికొచ్చారు. కంచె ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. నేను చైను బిగిస్తూ చూస్తూనే ఉన్నాను. ఇది గోరింట అని ఒప్పుకుంటే కమిటీ తప్పు. చక్రి బిల్లు తప్పు. మైకులో చెప్పినదంతా తప్పు. ముఖ్యంగా, పై అధికారి అరచెయ్యి తప్పు. దాని గురించి ఇంట్లో పద్మావతమ్మ గారికి చెప్పాల్సింది చాలా ఉంటుంది.

ఆయన ఒక కొమ్మ పట్టుకుని ఊపి చూసి, "డురంటా బాగా పట్టిందయ్యా వెంకటప్పయ్యా" అన్నారు.

"బాగా పట్టిందండీ" అన్నాడు అతను. మెమో మీద అతని సంజాయిషీ ఇంకా పెండింగులోనే ఉంది మరి.

ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో గోరింట ఎవరికీ కనపడలేదు. సాలేహా భయపడుతూనే వెళ్ళి, కాస్త ఆకు దూసుకోవచ్చా అని అడిగింది. డురంటా ఆకు ఎవరూ దూసుకోరమ్మా, అది దేనికీ పనికిరాదు అన్నారు బసవయ్య గారు. కత్తిరించినప్పుడు పడే చెత్త ఎవరైనా తీసుకుపోతే ఆఫీసుకు సంతోషమేనన్నారు. ఆమె మర్నాటినుంచి చెత్త తీసుకుపోవడం మొదలుపెట్టింది. గోనెపట్టా మళ్ళీ పరుచుకుంది. అడిగిన వాళ్ళందరికీ ముందే చెప్పేది, గోరింటాకు అని గట్టిగా అనొద్దమ్మా, లోపల వింటారు అని. గవర్నర్‌పేట ఆడవాళ్ళు నవ్వుకుంటూ వచ్చి, సాలేహా, ఓ దోసెడు డురంటా ఇవ్వు అని అడిగి తీసుకుపోయేవాళ్ళు. పిల్లలకు ఆ పేరే అలవాటైపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ప్రభుత్వంలో చెడ్డపని ఎవరి కంటా పడదు గానీ మంచిపని తప్పకుండా పడుతుంది. ఆ ఏడు అన్ని జిల్లాల్లోనూ ఆఫీసుల ముందు డురంటా వేశారట. అన్ని జిల్లాల్లోనూ కవర్లతోనే పాతారట. అన్నీ పోయాయి. ఒక్క విజయవాడలోనే నడుం ఎత్తు పెరిగిందని రిపోర్టు వెళ్ళింది. ఇంత గొప్ప డురంటాను స్వయంగా చూడటానికి కార్తీకంలో హైదరాబాదు నుంచి డిప్యూటీ డైరెక్టరు గారు వచ్చారు.

ఆ రోజు సాలేహాను అక్కడ కూర్చోవద్దన్నారు. ఆమె వచ్చి నా షాపులో, గాలి కొట్టే పంపు పక్కన కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. దువా చేసుకుంటోంది. నేను పని చేస్తున్నట్టు ఒక చక్రం తిప్పుతూ కూర్చున్నాను.

డిప్యూటీ డైరెక్టరు గారు కారు దిగారు. బసవయ్య గారు కంచె పక్కన నిలబడి, ఎరువులు ఎలా వేశారో, పాదులు ఎలా తీశారో, సిబ్బంది ఎంత కష్టపడ్డారో చెబుతున్నారు. ఆయన వింటూ వింటూ, చేతికందిన నాలుగు ఆకులు తెంపి, ఊరికే వేళ్ళ మధ్య నలుపుతూ ఉన్నారు. ఎండగా ఉంది. చెయ్యి చెమట పట్టింది. ఎరువుల సంగతి ఎంతకీ తెమలలేదు. అది అయ్యేసరికి ఆయన బొటనవేలూ చూపుడువేలూ నారింజ రంగుకు తిరిగాయి.

ఆయన వేళ్ళు చూసుకున్నారు. వాసన చూశారు. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశారు. అందరూ కాలవల వెడల్పు గురించి ఆలోచిస్తున్నట్టు దూరంగా చూస్తున్నారు. అప్పుడు రోడ్డుకివతల మా వైపు చూసి, సాలేహాను చేత్తో పిలిచారు. అరచేతులు ఎర్రగా ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

ఆమె లేచి వెళ్ళింది. నేనూ వెనకాల వెళ్ళాను.

"ఏంటమ్మా ఇది?" అని కంచె చూపించి అడిగారు.

గోరింట అంటే కంచె పోతుంది. డురంటా అంటే అబద్ధం, అప్పటిదాకా చేసిన దువా ఇంకా నోట్లోనే ఉంది. సాలేహా కంచె వైపు చూసింది, ఆయన వేళ్ళ వైపు చూసింది.

"ఆకండీ" అంది.

"అది కనపడుతూనే ఉంది. ఏ ఆకు?"

బసవయ్య గారు ముందుకొచ్చారు. "డురంటానే సార్. గవర్నమెంటు డురంటా. కొద్దిగా పండుతుంది" అన్నారు.

డిప్యూటీ డైరెక్టరు గారు మళ్ళీ వేళ్ళు చూసుకున్నారు. సాలేహా చున్నీ అంచు పిడికిట్లో నలిగిపోతోంది. జనరేటరు కూడా ఆ టైముకు ఆగి ఉంది.

"మార్గశిరంలో మా అమ్మాయి పెళ్ళి" అన్నారాయన చివరికి. "హైదరాబాదులో అంతా కోన్‌లూ, రసాయనాలూ. మా ఆవిడకి అవి పడవు. ఈ డురంటా రెండు బస్తాలు దొరుకుతుందా?"

"ఎన్నైనా దొరుకుతుందండీ" అంది సాలేహా.

కొత్త కంచె పథకం విజయవాడలో పూర్తిగా ఫలించిందని ఆయన అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. కాగితం మీద బొటనవేలి దగ్గర చిన్న నారింజ మరక పడింది. దాన్ని కార్యాలయ ముద్రగా స్వీకరించారు.

ఇక కంచెకు భయం లేదు. వెంకటప్పయ్య మీద మెమో ఉపసంహరించారు. పద్మావతమ్మ గారు ఓ ఆదివారం సాలేహా దగ్గర ఆకు తెప్పించి, నూరి, బసవయ్య గారి రెండు చేతులకూ పెట్టి, తనే ముద్దలు కలిపి తినిపిస్తూ సాయంత్రం దాకా కడగనివ్వలేదట. సోమవారం ఆయన చేతులు వెంకటప్పయ్య చేతుల కన్నా ఎర్రగా ఉన్నాయి. ఆ వారమంతా ఆయన ఏ కాగితమైనా రెండు చేతులతో అందుకున్నారు. కిటికీ దగ్గర నిలబడి అందుకున్నారు.

సాలేహాకు కూడా న్యాయం జరిగింది. ఆమెను గౌరవ డురంటా సంరక్షకురాలిగా గుర్తిస్తూ ఫొటో అంటించిన కార్డు ఇచ్చారు. జీతం లేదు, గౌరవం ఉంది. బాధ్యతలు కూడా పెద్దగా లేవు. ఏటా ఆషాఢం ముందు హైదరాబాదు డిప్యూటీ డైరెక్టరు గారింటికి, వారి వియ్యాల వారింటికి, బసవయ్య గారింటికి, ఆడిట్ వాళ్ళకు, కంచె వేళ్ళు తమ పరిధిలో ఉన్నందుకు పైపుల సెక్షను వాళ్ళకు, లోతులు కొలిచే ఆఫీసులో ఆడవాళ్ళకు ఆకు అందేలా చూడాలి. తర్వాత మిగిలినదంతా చెత్త. అది ఆమెదే.

ఈ ఆషాఢానికి కంచె ఎప్పుడూ లేనంత గుబురుగా ఉంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. సాలేహా గోనెపట్టా మీద కూడా ఆకు కుప్పగానే ఉంది, బేరాలు బాగానే ఉన్నాయి. ఆకు కాస్త ముదురుగా కనపడితే, ఎక్కడిదమ్మా అని అడిగాను.

"మైలవరం నుంచి బస్సులో తెచ్చుకుంటున్నా బాబాయ్" అంది. కంచె ఆకు ఆఫీసుల వాళ్ళకే చాలడం లేదట.